ఊపిరి ఎగసేలా నడిస్తేనే చక్కెరకు కళ్లెం
పొట్ట చుట్టూ రాజుకునే ఊక కుంపటి - పల్లెలనూ వదలని ఊబకాయం

గంగారం: రెండేళ్లకోసారి మేడారం జాతర దగ్గర పడిందంటే గంగారం మండలం పూనుగొండ్లలో సందడి మొదలవుతుంది. సమ్మక్క భర్త పగిడిద్దరాజును పెనక వంశపు కోయ పూజారులు ఇక్కడి నుంచే అడవి బాటన, కాలినడకన మేడారానికి తోడ్కొని పోతారు. గుట్టలెక్కి, వాగులు దాటి సాగే ఈ నడక తరతరాలుగా తప్పలేదు. ఒకప్పుడు ఈ ప్రాంతంలో నడక దేవుని వెంట మాత్రమే కాదు. సంతకు పోయినా నడకే, చుట్టాలింటికి పోయినా నడకే, ఇప్పపూవు ఏరడానికైనా తునికాకు తేవడానికైనా తెల్లవారక ముందే అడవిలోకి నడకే.

ఇప్పుడు ఆ రోజులు పోయాయి. ఇంటి ముందర మోటారు సైకిలు ఉంది. చేను కూతవేటు దూరంలో ఉన్నా బండి మీదనే పోతున్నారు. దుక్కి ట్రాక్టరు దున్నుతుంది, కలుపు మందు కొడితే పోతుంది, వరికోతకు మిషను వస్తుంది. ఒళ్లు వంచే పని తగ్గింది గాని పళ్లెంలో అన్నం తగ్గలేదు. జొన్నలు, సామలు పోయి మూడు పూటలా పాలిషు పట్టిన తెల్లన్నమే అయింది. దాని ఫలితం నడుముల దగ్గర కనిపిస్తున్నది.

ఇటువంటి ఆసామి ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ తగులుతాడు. వయస్సు యాభై దాటి ఉంటుంది. చేతులు, కాళ్లు సన్నగానే ఉంటాయి. పొట్ట మాత్రం అంగీ గుండీలను పట్టి లాగుతుంది. ముప్పై ఏళ్లు దాటిన వారికి బీపీ, షుగరు పరీక్షలు చేసే ఆశా కార్యకర్త వేలికి సూది పొడిచి చూసి, "చక్కెర ఎక్కువున్నది, దవాఖానకు రావాలె" అంటే నమ్మడు. "పొద్దుందాక పొలంలనే ఉంటి గద, పట్నంల కూసుండి తినేటోళ్ల రోగం మాకెట్ల వస్తది?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. డాక్టరు నడవమంటే, "ఇంక వేరే నడుసుడేంది?" అని నవ్వుతాడు.

నవ్వి తీసేయదగిన ప్రశ్న కాదది. దానికి జవాబు తెలియకనే చాలామంది గోళీలు మింగుతూ కూడా చక్కెరను అదుపులోకి తెచ్చుకోలేక పోతున్నారు.

ముందు లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నడివయస్సు లోపు స్త్రీలలో నూటికి 30 మంది, పురుషులలో నూటికి 32 మంది ఉండవలసిన దానికన్న ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం సగటు ఇంతకన్న తక్కువ. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యాన జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల పైచిలుకు జనానికి చక్కెర వ్యాధి ఉన్నదని, పెద్దవారిలో నూటికి 39 మందికి పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నదని అందులో తేలింది.

మనవారి ఒంటి తీరు కూడా కొంత వేరు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఎత్తుకు తగిన బరువు లెక్కన చూస్తే ఇద్దరూ సరిసమానం. కాని ఒంట్లో కొవ్వు కొలిచి చూస్తే ఇంగ్లీషు దొరకు 9 శాతం, మన యాజ్ఞిక్‌గారికి 21 శాతం! చూడడానికి సన్నగా ఉంటూనే లోపల లావుగా ఉండడం మనవాళ్లకు మామూలే. అందుకనే తెల్లవారికి పెట్టిన కొలతలు మనకు పనికిరావని వైద్యులు నిర్ణయించారు. అయిదడుగుల అయిదంగుళాల మనిషి 68 కిలోలు దాటితే మన లెక్కలో ఊబకాయమే. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. అంగుళాలలో చెప్పాలంటే ముప్పై అయిదున్నర, ముప్పై ఒకటిన్నర. టేపు లేనివారు దారంతో కొలిచి స్కేలు మీద చూసుకోవచ్చు. మొలతాడు బిగుతును నమ్ముకోరాదు, అది పొట్ట కిందికి జారి ఉంటుంది.

పొట్టలో కుంపటి

కొవ్వు అంటే గోదాములో బస్తాల వలె కదలక మెదలక పడి ఉండే సరుకని వైద్యులు కూడా చాలాకాలం అనుకున్నారు. 1993లో అమెరికాలో జరిగిన పరిశోధన ఆ అభిప్రాయాన్ని మార్చింది. బలిసిన ఎలుకల కొవ్వులో నుంచి టీఎన్ఎఫ్ అనే వాపు రసాయనం ఊరుతున్నదని, అది ఇన్సులిన్ పనికి అడ్డు పడుతున్నదని హొతామిస్లిగిల్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు కనుగొన్నారు. మనుషుల కొవ్వు కూడా ఇదే తీరని ఆ తరువాత తెలిసింది.

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వాచి, కాలుతుంది. ఒంటి కావలి కణాలు అక్కడికి పరుగెత్తి వచ్చి పోరాడడం వల్ల జరిగేది అది. నాలుగు రోజులకు మానిపోతుంది. పొట్టలో పేగుల చుట్టూ కొవ్వు పేరుకున్నప్పుడు కూడా ఇటువంటిదే జరుగుతుంది గాని పైకి తెలియదు. కొవ్వు కణాలు ఉబ్బి ఉబ్బి, నెత్తురు సరిగా అందక కొన్ని చచ్చిపోతాయి. వాటిని తినివేయడానికి కావలి కణాలు గుంపులుగా చేరతాయి. చేరినవి తిరిగి పోవు. ఊక కుంపటి ఎట్లా మంట కనిపించకుండా రాత్రంతా రాజుకుంటుందో ఆ తీరుగా అక్కడ సన్నని వాపు ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటుంది. నొప్పి ఉండదు, జ్వరం రాదు. సీఆర్‌పీ అనే నెత్తురు పరీక్షలో మాత్రం దాని జాడ దొరుకుతుంది.

ఈ కుంపటి పొగ ఒళ్లంతా పాకుతుంది. నెత్తురులోని చక్కెరను కండలోకి పంపే తాళం చెవి ఇన్సులిన్. వాపు రసాయనాలు ఆ తాళానికి తుప్పు పట్టిస్తాయి. చెవి ఉన్నా తలుపు తెరుచుకోదు. చక్కెర నెత్తురులోనే నిలిచిపోతుంది. రక్తనాళాల గోడలు కూడా ఈ పొగకు దెబ్బ తింటాయి. గుండెపోటుకు, పక్షవాతానికి దారి అక్కడి నుంచే.

కండ చేసే మందు

ఈ కుంపటి మీద నీళ్లు చల్లే పని మన కండలే చేస్తాయన్నది డెన్మార్కు దేశంలో బెంటె పెడర్సన్ అనే వైద్యురాలి బృందం కనుగొన్న సంగతి. ఊపిరి ఎగసేలా పని చేస్తున్నప్పుడు కండలో నుంచి ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం నెత్తురులోకి దిగుతుంది. చిత్రమేమిటంటే ఇదే రసాయనం కొవ్వులో నుంచి నిత్యం ఊరితే చెడ్డది. కండలో నుంచి కాసేపు వచ్చి పోతే వాపును అణిచే ఇతర రసాయనాలను లేపుతుంది. రోజంతా ఇంట్లో తిష్ఠ వేసిన అల్లుడికీ పండుగకు వచ్చి పోయే అల్లుడికీ ఉన్నంత తేడా అన్నమాట.

అదే కోపెన్‌హాగన్ నగరంలో 2019లో వెలువడిన పరీక్ష మరీ ఆసక్తికరమైనది. పొట్ట పెరిగిన వారి చేత 12 వారాలు సైకిలు తొక్కించారు. వారిలో కొందరికి ఇంటర్‌ల్యూకిన్-6 పని చేయకుండా అడ్డుకునే ఇంజక్షను ఇచ్చారు. ఇంజక్షను లేనివారికి పేగుల చుట్టూ ఉన్న కొవ్వు కరిగింది. ఇంజక్షను పొందినవారు అంతే సైకిలు తొక్కినా ఆ కొవ్వు కరగలేదు. కండ పంపే కబురు అందితేనే పొట్ట కొవ్వు కదులుతుందని దీనివల్ల రుజువైంది.

అయితే ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నాలుగు రోజులు నడవగానే వాపు తగ్గిపోతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. అమెరికాలో సీఆర్‌పీ ఎక్కువ ఉన్నవారి చేత నాలుగు నెలలు వ్యాయామం చేయించి చూస్తే, బరువు తగ్గినవారికే అది దిగింది, తగ్గనివారికి దిగలేదు. ఆ ఫలితాలు 2010లో వచ్చాయి. కుంపటిలో ఊక తగ్గాలి, అప్పుడే వేడి తగ్గుతుంది. అందుకు కాలం పడుతుంది, తిండి కూడా సర్దుకోవాలి.

ఎంతసేపా, ఎంత జోరా?

పెద్దలలో ఒక వాదం ఉంది. సాయంత్రం నలుగురు కలిసి ముచ్చట చెప్పుకుంటూ ఊరి చివరి దాకా పోయి వస్తారు. అదీ నడకే గదా అంటారు. కాదనలేము. కాని దానితో ఏ పని అవుతుంది, ఏ పని కాదు అన్నది తెలుసుకోవాలి.

కెనడాలో రాబర్ట్ రాస్ అనే ఆయన నాయకత్వాన 300 మంది ఊబకాయం గలవారిని 24 వారాల పాటు పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఒక జట్టు నెమ్మదిగా కొద్దిసేపు, సుమారు అరగంట నడిచింది. రెండవ జట్టు అదే నెమ్మదితో సుమారు గంటసేపు నడిచింది. మూడవ జట్టు జోరుగా 40 నిమిషాల పాటు నడిచింది. రెండవ జట్టు, మూడవ జట్టు ఖర్చు పెట్టిన శక్తి మాత్రం సమానమే. నాలుగవ జట్టు ఏమీ చేయలేదు. చివరికి నడుములు కొలిచి చూస్తే నడిచిన మూడు జట్లకూ దాదాపు ఒకే తీరున 4, 5 సెంటీమీటర్లు తగ్గింది. అందరూ సంతోషించారు. కాని చక్కెర నీళ్లు తాగించి రెండు గంటల తరువాత నెత్తురు పరీక్ష చేస్తే, చక్కెర దిగింది ఒక్క జోరు జట్టుకే. ఏమీ చేయని వారితో పోలిస్తే వీరికి 9 శాతం దాకా తగ్గింది. గంటసేపు నెమ్మదిగా నడిచిన వారికి ఆ లాభం దక్కలేదు!

దీని అర్థం సుస్పష్టం. పొట్ట తగ్గడానికి నెమ్మది నడక కూడా పనికొస్తుంది. చక్కెరను దారికి తేవాలంటే మాత్రం జోరు ఉండాలి. కారణం కండలో ఉంది. మెల్లగా నడిచేటప్పుడు కండ ఎక్కువగా కొవ్వును వాడుకుంటుంది. జోరు పెరిగినకొద్దీ కండలోనే దాచి ఉంచిన చక్కెరను తీసి వాడుతుంది. గాదె ఖాళీ అయితే రైతు ఊరుకుంటాడా? కండ కూడా అంతే. ఖాళీ అయిన గాదె నింపుకోవడానికి నెత్తురులోని చక్కెరను లాక్కుంటుంది. పని చేస్తున్నంతసేపు ఈ తలుపు తెరవడానికి ఇన్సులిన్ చెవి కూడా అక్కరలేదు. ఆ తరువాత కూడా ఒకటి, రెండు రోజుల దాకా తుప్పు కొంత వదిలి తాళం తేలికగా తిరుగుతుంది. ఈ లాభం అంతకన్న ఎక్కువ నిలవదు కనుక వరసగా రెండు రోజులు మించి నడక మానరాదని వైద్యుల సలహా. ఆదివారం ఒక్కనాడే ఆరు రోజుల నడక నడిచేసి మిగతా వారం బండి ఎక్కుతానంటే చక్కెర దగ్గర చెల్లదు.

పొలం పనికి ఇదే జవాబు. పత్తి ఏరడం, మిర్చి తెంపడం, నీళ్లు కట్టడం, గట్టు మీద నిలబడి కూలీలను చూసుకోవడం, ఇవన్నీ పొద్దంతా ఉండే పనులే. నడుము పడిపోతుంది, అలసట నిజమే. కాని అందులో ఊపిరి ఎగసే సమయం చాలా తక్కువ. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని గట్ల వెంట నడిచే ఆమెకు, నాగలి వెంట సాళ్లు తిరిగే పాతకాలపు రైతుకు వేరే వ్యాయామం చెప్పనవసరం లేదు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ జరిపించిన పరీక్షలో కూడా అప్పటికే ఒళ్లు వంచి పని చేసేవారిని ఆ పనే కొనసాగించమన్నారు, మిగిలిన వారిని రోజుకు అరగంట చురుకుగా నడవమన్నారు, తిండి సరి చేశారు. చక్కెర వ్యాధి అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు చూశారు. ఫలితాలు 2006లో వచ్చాయి. ఏ సలహా లేకుండా వదిలేసినవారిలో నూటికి 55 మందికి వ్యాధి ముదిరింది. నడక, తిండి పాటించినవారిలో 39 మందికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ గోళీ మింగినవారిలో 40 మంది. గోళీతో సమానంగా పని చేసిందన్నమాట నడక.

కరెంటు స్తంభాల లెక్క

జోరు అంటే పరుగు కాదు. పోలీసు ఉద్యోగాల కోసం తెల్లవారుజామున ఉరికే కుర్రాళ్లను చూసి యాభై ఏళ్ల మనిషి వారి వెంట పడితే ప్రమాదం. అలవాటు లేని ఒంటిని ఒక్కసారిగా విపరీతంగా శ్రమ పెడితే వాపు తగ్గడానికి బదులు కొన్నాళ్లు పెరుగుతుంది. మారథాన్ పరుగు ముగించిన వారిలో కూడా సీఆర్‌పీ ఎగబాకడం వైద్యులు చూశారు.

ఎవరి జోరు వారి ఒంటిని బట్టి ఉంటుంది. కొలత సులభం. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది మధ్యస్థపు జోరు. రెండు మూడు మాటలకే ఊపిరి కోసం ఆగవలసి వస్తే గట్టి జోరు. హాయిగా పాట పాడుతూ నడవగలిగితే అది షికారు. నాడి చూసుకోగలవారు 220లో నుంచి తమ వయస్సు తీసివేయాలి. యాభై ఏళ్ల మనిషికి 170 వస్తుంది. మధ్యస్థపు జోరులో నాడి నిమిషానికి 109 నుంచి 129 దాకా, అనగా 15 సెకన్లలో 27 నుంచి 32 సార్లు కొట్టుకోవాలి. అటెనొలాల్ వంటి బీపీ గోళీలు వేసుకునేవారికి నాడి ఎంత నడిచినా పెద్దగా పెరగదు. వారు మాటల కొలతే నమ్ముకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన లెక్క ప్రకారం వారానికి మధ్యస్థపు జోరులో 150 నుంచి 300 నిమిషాలు, లేదా గట్టి జోరులో 75 నుంచి 150 నిమిషాలు కావాలి. ఇంతసేపు ఒకే జోరులో నడవడం మన ఆసామి వల్ల కాకపోవచ్చు. అతనికి జపాను పద్ధతి బాగుంటుంది. అక్కడి షిన్‌షు విశ్వవిద్యాలయం వారు వయస్సు మళ్లిన వారి చేత మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు మెల్లగా మార్చి మార్చి నడిపించారు. వారి తొడల బలం పెరిగింది, బీపీ తగ్గింది. ఇదే పద్ధతిని 2013లో డెన్మార్కులో చక్కెర వ్యాధి వచ్చినవారి మీద నాలుగు నెలలు ప్రయత్నించారు. మార్చి మార్చి నడిచినవారికి చక్కెర, పొట్ట లోపలి కొవ్వు రెండూ తగ్గాయి. ఒకే వేగంతో అంతే శక్తి ఖర్చు పెట్టి నడిచినవారికి తగ్గలేదు.

గడియారం లేకున్నా రోడ్డు పక్కన కరెంటు స్తంభాలు ఉన్నాయి. ఆరు స్తంభాలు వేగంగా, నాలుగు స్తంభాలు మెల్లగా నడిస్తే దాదాపు సరిపోతుంది. స్తంభాల ఎడం ఊరికొక తీరు కాబట్టి మొదట ఒకసారి సెల్‌ఫోనులో సమయం చూసి లెక్క కట్టుకుంటే మంచిది. మొదటి రెండు వారాలు పది నిమిషాల నడకతో సరిపెట్టుకుని, తరువాత వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచుకోవచ్చు. పల్లె ప్రకృతి వనాలలో వేసిన నడక దారులు చాలాచోట్ల గడ్డి మొలిచి ఉన్నాయి. నలుగురు రోజూ నడిస్తే ఆ గడ్డి దానంతట అదే పోతుంది.

ఆడవారి మాట చెప్పుకోకపోతే కథ సగమే. చీర కట్టుకుని రోడ్డు మీద గబగబా నడిస్తే ఎవరేమనుకుంటారో అన్న బిడియం పల్లెలో ఇంకా పోలేదు. అటువంటివారికి బతుకమ్మ ఆట ఏడాదికి తొమ్మిది రోజులే ఎందుకు ఉండాలి? చప్పట్లు కొడుతూ వంగి లేస్తూ తిరిగే ఆట అరగంట ఆడితే ఊపిరి ఎగసి తీరుతుంది. కోయగూడేలలో రేలా ఆట సంగతి వేరే చెప్పనక్కరలేదు. డోలు అందుకున్నాక జోరు అదే వస్తుంది. ఇంటి పని వదలి రాలేనివారు భోజనం అయిన వెంటనే మంచం ఎక్కకుండా పది, పదిహేను నిమిషాలు వాకిట్లో తిరిగినా, తిన్న తరువాత ఎగిరే చక్కెర కొంత దిగుతుంది.

జాగ్రత్తలు లేకపోలేదు. నడిచేటప్పుడు ఛాతీలో బరువుగా ఉన్నా, నొప్పి ఎడమ చేతికి పాకినా, కళ్లు తిరిగినా ఆగి దవాఖానకు పోవాలి. గుండె జబ్బు ఉన్నవారు డాక్టరుకు చూపించుకున్న తరువాతే జోరు పెంచాలి. ఇన్సులిన్ సూది వేసుకునేవారు, గ్లిమిపెరైడ్ వంటి గోళీలు మింగేవారు పరగడుపున గట్టిగా నడిస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోయి, చెమటలు పట్టి, వణుకు వస్తుంది. వారి జేబులో చిన్న బెల్లం ముక్కో గ్లూకోజు పొడి పొట్లమో ఉండాలి. చక్కెర వ్యాధి ముదిరినవారికి పాదాలలో స్పర్శ తగ్గుతుంది కనుక ముల్లు దిగినా తెలియదు. వట్టి కాళ్లతో నడవరాదు. వచ్చాక పాదాలు తిప్పి చూసుకోవాలి, కనిపించకపోతే మనుమడి చేత చూపించుకోవాలి. ఎండాకాలంలో ఎనిమిది లోపే నడక ముగించాలి. ఎలుగుబంట్ల భయం ఉన్న గూడేలలో మాత్రం చీకటితో అడవి అంచుకు పోకుండా ఊరి రోడ్డు మీదే, చేతిలో బ్యాటరీ లైటుతో నడవాలి. ఇప్పపూవు రాలే రోజులలో వాటికీ అదే వేళ.

నడక మొదలు పెట్టినవారిలో చాలామంది నెల తిరగకముందే విడిచిపెడతారు. తూకం రాయి మీద నిలబడి చూస్తే కిలో కూడా తగ్గలేదని నిరాశ. నడక ఒక్కదానితోనే బరువు అంత త్వరగా తగ్గదు, కండ పెరిగి కొవ్వు తగ్గినప్పుడు తూకంలో తేడా అసలు కనిపించకపోవచ్చు. దారంతో కొలిచిన నడుము, ఆశా కార్యకర్త దగ్గర పరగడుపున చూపించుకున్న చక్కెర, మూడు నెలలకోసారి చేయించుకునే హెచ్‌బీఏ1సీ పరీక్ష, ఇవే అసలు లెక్క. తొలినాడు కొలిచిన దారానికి ముడి వేసి దాచిపెట్టి, మూడు నెలల తరువాత అదే దారాన్ని మళ్లీ నడుముకు చుట్టి చూసుకుంటే ముడి ఎంత వదులైందో చదువు రానివారికైనా తెలుస్తుంది.